అడ్వర్బ్‌కు నిర్వచనం సరే, చోటు ఎవరు నేర్పుతారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇంగ్లీషులో వెనకబడిన పిల్లల గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. ఆరో తరగతి పిల్లలు సొంతంగా ఒక్క వాక్యం రాయలేకపోతున్నారట, అందుకని ఐవార్లకు మెమోలు ఇస్తారట. ఆ పిల్లల చేత బడిలో ఏం రాయిస్తున్నారో, పరీక్షలో ఏం అడుగుతున్నారో ఎవరైనా పేపర్లు తీసి చూశారా? లోపం ఎక్కడుందో తెలియడానికి ఒక్క అడ్వర్బ్ పాఠం, అంటే పని ఎట్లా, ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చెప్పే మాటల పాఠం, చాలు.

ఆ పాఠం ఎట్లా సాగుతుందో అందరికీ తెలిసిందే. నిర్వచనం బోర్డెక్కుతుంది. క్లాసంతా దాన్ని ఇంగ్లీషులో గడగడా అప్పజెబుతుంది. అందులో ఉన్న 'మాడిఫై' అంటే ఏమిటని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. తర్వాత సూత్రం: విశేషణం చివర ఎల్, వై అక్షరాలు (ఎల్వై) తగిలిస్తే అడ్వర్బ్. గైడులో ఉన్న పట్టిక నోట్సులోకి వస్తుంది, ఎర్ర సిరాతో సంతకం పడుతుంది, పాఠం అయిపోయినట్టే.

ఆ సూత్రం పట్టుకున్న పిల్లవాడు 'హి రన్స్ ఫాస్ట్‌లీ' అని రాస్తాడు. ఇంగ్లీషులో ఆ మాటే లేదు. ఫాస్ట్ అటు విశేషణంగానూ ఇటు అడ్వర్బ్‌గానూ మారకుండా ఉంటుంది. హార్డ్, లేట్, ఎర్లీ కూడా అంతే. హార్డ్‌కు ఎల్వై చేరిస్తే అర్థమే తిరగబడుతుంది. 'హి వర్క్స్ హార్డ్' అంటే కష్టపడతాడని, 'హి హార్డ్లీ వర్క్స్' అంటే పని దాదాపు చేయడని. రేపు ఉద్యోగం దరఖాస్తులో మన పిల్లవాడు 'ఐ విల్ వర్క్ హార్డ్లీ' అని రాస్తే చదివేవాడు ఏమనుకోవాలి? ఇంకోవైపు ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, అగ్లీ చివర ఎల్వై ఉన్నా అవి విశేషణాలు. గుడ్‌కు అడ్వర్బ్ వెల్, దానికి ఎల్వైతో పనే లేదు. పిల్లలు రోజూ వాడాల్సిన మాటల్లోనే ఇన్ని మినహాయింపులు ఉంటే, దాన్ని మొదటి రోజే సూత్రమని రుద్దడం ఎందుకు?

అసలు చిక్కు మన భాష నుంచి వస్తుంది. దాని గురించి ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పరు. 'గా' వస్తే ఎల్వై అని చాలామంది నేర్పుతున్నారు. 'ఆమె అందంగా పాడింది' అన్నప్పుడు అది సరిపోతుంది, 'షి శాంగ్ బ్యూటిఫుల్లీ'. కానీ 'ఆమె అందంగా ఉంది' అన్నప్పుడు కూడా 'గా' ఉంది కదా! పిల్లవాడు 'షి ఈజ్ బ్యూటిఫుల్లీ' అని రాస్తాడు. తప్పు కొడతారు గానీ ఎందుకు తప్పో చెప్పరు. పని జరిగితే అడ్వర్బ్, 'ఉంది' అని మాత్రమే చెబితే విశేషణం. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాసి పది నిమిషాలు మాట్లాడితే ఐదో తరగతి పిల్లలకు కూడా ఎక్కుతుంది. అట్లాగే 'నేను ఎప్పుడూ అబద్ధం చెప్పను' అన్నప్పుడు మనకు క్రియలోనే కాదనడం ఉంది. ఇంగ్లీషులో నెవర్ ఒక్కటే ఆ పని చేస్తుంది. అది తెలియక 'ఐ నెవర్ డోంట్ టెల్ లైస్' అంటారు. చాలా అన్న ప్రతిచోటా టూ వాడటం ఇంకొకటి. 'టూ స్వీట్' అంటే తినలేనంత తీపి అని అర్థం. మామిడిపండును మెచ్చుకోవాలంటే వెరీ అనాలి.

ఇక మాట ఎక్కడ పెట్టాలి? మన క్రియ వాక్యం చివర ఉంటుంది, ఎట్లా చేశాడో చెప్పే మాట దాని ముందు వస్తుంది. ఇంగ్లీషులో అది సాధారణంగా క్రియ తర్వాత, కర్మ ఉంటే దానికీ తర్వాత వస్తుంది. అందుకే 'షి స్పీక్స్ వెల్ ఇంగ్లీష్' తప్పు, 'షి స్పీక్స్ ఇంగ్లీష్ వెల్' ఒప్పు. దీన్ని బోర్డు మీద చెబితే నిలవదు. పాత క్యాలెండరు వెనక వైపు నాలుగంగుళాల వెడల్పున పట్టీలు కత్తిరించి, పట్టీకొక మాట లావుగా రాయాలి. నలుగురు పిల్లలు నాలుగు పట్టీలు పట్టుకుని వరసగా నిలబడాలి: షి, సింగ్స్, సాంగ్స్, స్వీట్లీ. స్వీట్లీ పట్టుకున్న పిల్ల వరసలో అటూ ఇటూ మారుతూ ఉంటే ప్రతిసారీ క్లాసంతా వాక్యం పైకి చదవాలి. సింగ్స్‌కూ సాంగ్స్‌కూ మధ్య దూరితే మిగతావాళ్లు 'నో' అనాలి. ఆ రోజు తర్వాత ఆ తప్పు బాగా తగ్గుతుంది.

ఆల్వేస్, ఆఫెన్, సమ్‌టైమ్స్, నెవర్ లాంటివాటికి ఒక రోజు విడిగా కావాలి. మామూలు క్రియ ముందు: 'ఐ ఆల్వేస్ గో'. యామ్, ఈజ్, ఆర్ తర్వాత: 'షి ఈజ్ ఆల్వేస్ హ్యాపీ'. సహాయక క్రియ ఉంటే రెంటి మధ్య: 'ఐ హావ్ నెవర్ సీన్ ద సీ'. మన జిల్లా పిల్లల్లో చాలామంది నిజంగానే చెప్పగల వాక్యం అది. చోటు, కాలం కలిసొచ్చినప్పుడు మన వరస తిరగేయాలి. 'నిన్న గండికోటలో పిల్లలు సంతోషంగా ఆడుకున్నారు' అని మనం కాలంతో మొదలుపెడతాం. ఇంగ్లీషులో హ్యాపీలీ ముందు, ఎట్ గండికోట తర్వాత, ఎస్టర్‌డే చివర.

మొదటి రోజు మాత్రం నిర్వచనం అసలు వద్దు. వాక్, రన్, రైట్, ఈట్ లాంటి పిల్లలకు వచ్చిన పది క్రియలు, స్లోలీ, క్విక్లీ, లౌడ్లీ, నీట్లీ, వెల్, ఫాస్ట్ లాంటి ఏడెనిమిది మాటలు చాలు. ఒకరు నడవాలి, క్లాసు 'హౌ?' అని అడగాలి, జవాబు వాక్యంగా రావాలి. రెండో రోజు వేర్, వెన్. మూడో రోజు పైన చెప్పిన ఆల్వేస్, నెవర్ లాంటివి. స్పెల్లింగ్ నాలుగో రోజుకు చూసుకోవచ్చు: హ్యాపీలో వై పోయి ఐ వస్తుంది, జెంటిల్‌లో చివరి ఇ పోయి వై వస్తుంది, కేర్‌ఫుల్లీలో రెండు ఎల్‌లు, ట్రూలీలో ఇ ఉండదు. ఐదో రోజు పిల్లలు సొంతంగా ఐదు వాక్యాలు రాయాలి. అడ్వర్బ్ విశేషణాన్నీ, మరో అడ్వర్బ్‌నూ కూడా వివరించే సంగతి పై తరగతుల్లో చెప్పుకోవచ్చు.

దీనికి ఐదు పీరియడ్లు కావాలి. అవి ఎక్కడున్నాయి? ఐవారు పొద్దున బడికి రాగానే హాజరు యాప్, ఆ తర్వాత భోజనం లెక్కలు. లెక్క అప్‌లోడ్ కాకపోతే వెంటనే ఫోన్ వస్తుంది. పిల్లవాడికి వాక్యం రాకపోతే మాత్రం ఏడాది దాకా ఎవరూ అడగరు, అడిగిన రోజు మెమో ఇస్తారు. ప్రైవేటు బళ్ల సంగతి ఇంతకన్నా మెరుగేం కాదు. అక్కడ భోజనం లెక్కలు ఉండవు గానీ వారానికో టెస్టు, దానికి బట్టీ ఉంటాయి.

తెలుగు నేర్చుకుని తెలుగుకే జీవితం ధారపోసిన సి.పి. బ్రౌన్ దొర ఒకప్పుడు నివసించిన ఊరు మన కడప. ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం ఇక్కడి యెర్రముక్కపల్లెలోనే ఉంది. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూడటం ఎట్లాగో ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. జిల్లా ఇంగ్లీషు ఐవార్లను ఏడాదికి రెండు రోజులు అక్కడ కూర్చోబెట్టి, మన పిల్లలు చేసే తప్పులనే ముందు పెట్టుకుని మాట్లాడుకోనివ్వండి. స్లైడ్లు చదివి వినిపించే శిక్షణ ఇక చాలు.

విద్యాశాఖ అధికారులను అడిగేది ఒక్కటే. వచ్చే పరీక్ష పేపరులో 'అడ్వర్బ్‌ను నిర్వచించుము', 'అడ్వర్బ్ కింద గీత గీయుము' ప్రశ్నలు తీసేయండి. ఆ మార్కులకు తప్పు చోట అడ్వర్బ్ ఉన్న మూడు వాక్యాలిచ్చి సరిచేయమనండి, సొంతంగా రెండు రాయమనండి. పేపరు అట్లా వస్తుందని జూన్‌లోనే బడులకు తెలియజేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
కడప