మన అద్దెదారుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సంఘ సభ్యులందరికీ నమస్కారములు.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను 2025 జూలై 13, ఆదివారం నాటి సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. నిరుడు కోరం లేక సమావేశం అరగంట వాయిదా పడి, ఆ తరువాత హాజరైన పద్నాలుగు మందితోనే జరిగిన సంగతి ఆ పద్నాలుగు మందికీ గుర్తుండే ఉంటుంది. రానివారి కోసమే ఈసారి కొంత వివరంగా రాశాను.

నల్లగొండ, కరీంనగర్ జిల్లాల నుంచి మిల్లుల్లో పనికి వచ్చిన మన తాతలు పగిడీ (గది కోసం ముందుగా ఒకేసారి ఇచ్చే పెద్ద సొమ్ము) కట్టి ముంబై లోయర్ పరేల్‌లోని ఈ చాల్‌లో (వరుస గదుల ఉమ్మడి భవనంలో) గదులు తీసుకున్న చరిత్ర, మిల్లులు పోయినా మనం గదులు వదలని చరిత్ర అందరికీ తెలిసినవే. కాబట్టి నేరుగా ఈ సంవత్సరం విషయానికి వస్తున్నాను.

ఈ సంవత్సరమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. అద్దెకున్న గదిని కొనుక్కునే హక్కు మనకు ఉన్నదా, లేదా? 1986లో మ్హాడా (రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ) చట్టానికి చేర్చిన ఎనిమిది–ఏ అధ్యాయం ప్రకారం, మరమ్మతుల కోసం సెస్సు అనే పన్ను కట్టే పాత భవనంలో ఉంటున్నవారిలో కనీసం 70 శాతం మంది సహకార సంఘంగా ఏర్పడి దరఖాస్తు చేసుకుంటే, ఆ భవనాన్నీ దాని కింది స్థలాన్నీ సేకరించి ఆ సంఘానికి అప్పగించే వీలుంది. అందుకు యజమానికి ముట్టేది నెల అద్దెకు నూరు రెట్లు. మన చాల్‌లో 78 రూపాయల అద్దె ఉన్న గది ఈ లెక్కన 7,800 రూపాయలవుతుంది. ఈ అంకె చదివి మురిసిపోయిన సభ్యులే ఎక్కువ గనుక, యజమానులు కోర్టుకు ఎందుకు వెళ్ళారో కూడా దీనినిబట్టే గ్రహించాలని మనవి.

యజమానుల పిటిషన్లను బొంబాయి హైకోర్టు 1991లో కొట్టివేసింది. 1992లో వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అక్కడ ఆ వివాదం 1996లో ఐదుగురు, 2001లో ఏడుగురు, 2002లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనాలకు నివేదించబడి, మరి ఇరవై రెండేళ్ళు అక్కడే నిలిచిపోయింది. చివరకు 2024 ఏప్రిల్‌లో విచారణ మొదలై, మే 1న ముగిసి, నవంబరు 5న తీర్పు వెలువడింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ తమతో పాటు మరి ఆరుగురి తరఫున రాసిన తీర్పులో, మన చట్టానికి ఆధారంగా చూపిన రాజ్యాంగం 39(బి) అధికరణంలోని ‘సమాజ భౌతిక వనరులు’ (అందరి మేలుకోసం పంచవలసినవి) అన్న మాట కిందికి ప్రతి ప్రైవేటు ఆస్తీ రాదని తేల్చారు. ఒక ఆస్తి అలాంటి వనరా కాదా అన్నది దాని స్వభావాన్నిబట్టి, సమాజ క్షేమంపై దాని ప్రభావాన్నిబట్టి, దాని కొరతనుబట్టి, అది కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోతే కలిగే ఫలితాన్నిబట్టి విడివిడిగా నిర్ణయించవలసినదని చెప్పారు. జస్టిస్ నాగరత్న కొంతవరకే ఏకీభవించారు, జస్టిస్ ధూలియా విభేదించారు.

తీర్పు వచ్చిన సాయంత్రం మన మెట్ల దగ్గర ‘ఇక అంతా అయిపోయింది, హక్కు పోయింది’ అని చెప్పుకున్నారు. అది నిజం కాదు. తొమ్మిదిమంది ధర్మాసనం తన ముందున్న రాజ్యాంగ ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పింది. ఎనిమిది–ఏ అధ్యాయం చెల్లుతుందా, చెల్లదా అన్నది వేరే ధర్మాసనం తేల్చవలసి ఉన్నది. ముంబై నగరంలో గది కన్నా కొరతైన వస్తువు ఏముంటుందని మన పక్షాన వాదించడానికి ఆ తీర్పులోని మాటలే పనికివస్తాయని నా అభిప్రాయం. నేను వకీలును కానని సభ్యులు గమనించాలి.

దీనిపై 2024 నవంబరు 24, ఆదివారం ఉదయం మన చాల్ ప్రాంగణంలో జరిపిన సభ, సంఘం పుట్టిన నాటి నుంచి జరిగిన కార్యక్రమాలన్నింటిలో గొప్పదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. రెండో అంతస్తు సభ్యుని కుమార్తె, న్యాయశాస్త్ర పట్టభద్రురాలు, తీర్పులోని ముఖ్య భాగాలను రెండు గంటలపాటు, ఎక్కడా తడబడకుండా, మన తెలుగులో వివరించింది. నగరంలోని కామాఠిపుర నుంచి కూడా మనవాళ్ళు వచ్చి, అక్కడి 1 నుంచి 15 గల్లీల వరకు అన్నీ కలిపి తలపెట్టిన పునర్నిర్మాణంలో అద్దెదారులు ఎదుర్కొంటున్న సందేహాలను మన ముందుంచారు. అప్పటికి రాష్ట్ర శాసనసభ ఎన్నికలు జరిగి నాలుగు రోజులే అయింది. అంతకుముందు నెలంతా మన గేటు దగ్గర ‘మీ ఇల్లు మీకే’ అన్న అభ్యర్థుల్లో ఒక్కరైనా వస్తారేమోనని ముందు వరుసలో వేసిన నాలుగు కుర్చీలు సభ ముగిసేదాకా ఖాళీగానే ఉన్నాయి. చివరకు పిల్లలు కూర్చున్నారు.

ఇలాంటి చట్టం ఇంకెక్కడైనా ఉన్నదా అని ఆ సభలో ఒక పెద్దాయన అడిగారు. ఇంగ్లండులో 1980లో థాచర్ ప్రభుత్వం ఇచ్చిన కొనుగోలు హక్కు మునిసిపాలిటీ ఇళ్ళలో ఉన్నవారికేనని, ప్రైవేటు అద్దెదారులకూ ఆ హక్కు ఇవ్వాలని 2019లో లేబర్ పార్టీ నాయకుల్లో ఒకరైన జాన్ మెక్‌డొనెల్ అంటే పెద్ద దుమారం లేచిందని, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మాత్రం 1980 నుంచీ యజమాని అమ్మకానికి పెడితే మొదటి అవకాశం అద్దెదారుకే ఇవ్వాలన్న చట్టం ఉన్నదని ఆ అమ్మాయి చెప్పింది. మన చట్టం కాగితం మీద ఈ రెండింటికన్నా బలమైనది. యజమాని అమ్మదలచుకున్నాడా లేదా అన్నదానితో దానికి పని లేదు. కాగితం మీద అన్న మాటను మరచిపోవద్దు.

సభ తరువాత రసీదుల పరిశీలన జరిగింది. అసలు పని అక్కడే మొదలైంది. ఒక్కొక్కరు తెచ్చిన అద్దె రసీదు, సెస్సు వివరం, విద్యుత్ బిల్లు, ఓటరు కార్డు చూసి, రసీదు మీద ఎవరి పేరు ఉన్నదో, గదిలో ఎవరు ఉంటున్నారో నమోదు చేశాము. మూడో అంతస్తులోని అవ్వ ఒక రేకుపెట్టె మోయించుకొని వచ్చింది. అందులో ఇనుపతీగకు గుచ్చిన రసీదుల కట్టలు మూడున్నాయి. అడుగున ఉన్నవి పసుపు పచ్చబారి, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. మొదటి కట్టలో ఆమె మామగారి పేరు, తరువాతి రెండింటిలో భర్త పేరు. భర్త పోయి పన్నెండేళ్ళయినా రసీదు ఆయన పేరుతోనే వస్తున్నది. కొనుగోలు దరఖాస్తు ఫారం ఆమె ముందు పెడితే, ‘రసీదే నా పేర రాకపాయె, ఇల్లు నా పేర ఎట్ల వస్తది బిడ్డా?’ అని అడిగింది. ఆ మాటకు అక్కడున్నవారెవరూ నవ్వలేదు. ఆ రోజు లెక్క తీస్తే 42 గదుల్లో 17 గదులకు చనిపోయినవారి పేర్లమీదనే రసీదులు ఉన్నాయి.

అద్దెదారు మరణించిన నాటికి ఆయనతో కలిసి నివసిస్తున్న కుటుంబ సభ్యులకు 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టమే అద్దెదారు హోదా ఇస్తున్నది. అది అమ్మకం కాదు. పగిడీ గదిని బయటివారికి అమ్మినప్పుడు యజమాని మూడో వంతు దాకా తీసుకోవడం ఊరి ఆనవాయితీ కావచ్చు గానీ, తల్లి పేరు రాయడానికి కూడా ఆ వాటా అడగడం అన్యాయం. ఈ విషయమై మన యజమాని గుమస్తాకు నాలుగు ఉత్తరాలు రాశాము. నాలుగోదానికి ‘అయ్యగారు ఊళ్ళో లేరు’ అన్న జవాబు నోటిమాటగా వచ్చింది. అయినా సంవత్సరాంతానికి ఆరు రసీదుల మీద పేర్లు మారాయి. అవ్వ రసీదు అందులో ఒకటి.

యజమాని పక్షాన ఒక మాట చెప్పకపోతే నివేదిక న్యాయంగా ఉండదు. 1947 నాటి చట్టం అద్దెలను 1940 స్థాయిలో బిగించివేసింది. అది నిర్హేతుకమని సుప్రీంకోర్టు 1997లోనే అన్నది. 2000 మార్చి 31న అమలులోకి వచ్చిన కొత్త చట్టం ఏటా 4 శాతం పెంచుకోనిచ్చినా, 78 రూపాయలతో ఎవరూ కప్పు బాగుచేయలేరు. నూరు రెట్ల అద్దె సరైన ధరేనా అని మనలోనే కొందరికి సందేహం ఉన్నది. నాకూ ఉన్నది. ధర కొంత పెరిగినా సరే, హక్కు నిలవాలన్నది కార్యవర్గంలో అధిక సంఖ్యాకుల అభిప్రాయం.

రెండో మార్గం అదే మ్హాడా చట్టంలోని 79–ఏ సెక్షన్. 2022 డిసెంబరులో రాష్ట్రపతి ఆమోదం పొందిన సవరణ ప్రకారం, ప్రమాదకరమని తేలిన సెస్సు భవనాన్ని తిరిగి కట్టే అవకాశం మొదట యజమానికి ఆరు నెలలు, ఆయన ముందుకు రాకపోతే 51 శాతం అంగీకారంతో అద్దెదారుల సంఘానికి ఆరు నెలలు ఉంటుంది. ఆ తరువాత మ్హాడాయే స్థలం సేకరిస్తుంది. ఇందులో యజమానికి స్థలం రెడీ రెకనర్ (ప్రభుత్వం ప్రకటించే ధరల పట్టిక) విలువలో 25 శాతమో, అమ్మకానికి కట్టే భాగంలో 15 శాతమో, ఏది ఎక్కువైతే అది దక్కుతుంది గనుక కోర్టులో నిలిచే అవకాశం ఎక్కువని చెబుతున్నారు. అద్దెదారుకు కనీసం 300 చదరపు అడుగుల సొంత ఇల్లు వస్తుంది. మన భవనానికి ఇంకా అలాంటి నోటీసు రాలేదు. మెట్ల కింద ఊతకట్టెలు పెట్టి రెండేళ్ళయినా పరీక్షకు రావలసిన ఇంజనీరు ఈ సంవత్సరం మూడుసార్లు తేదీ ఇచ్చి మూడుసార్లూ రాలేదు. మూడోసారి ఆయన కోసం నేనూ కోశాధికారీ సెలవు పెట్టి సాయంత్రం ఐదు దాకా గేటు దగ్గర నిలబడ్డాము.

ఇక సభ్యులతో నేరుగా చెప్పవలసిన మాట. 42 గదుల్లో 70 శాతం అంటే 30 సంతకాలు. 2025 మార్చి 31 నాటికి మన దగ్గర ఉన్నవి 29. ఏడు గదులకు తాళాలున్నాయి. వాటి సభ్యులు కల్యాణ్‌లో, భివండీలో, నవీ ముంబైలో స్థిరపడ్డారు. గదిని మాత్రం వదులుకోరు, ఫోను ఎత్తరు. భివండీకి నేను రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి టీ ఇచ్చారు, సంతకం ఇవ్వలేదు. మిగిలిన ఆరు గదుల వారు చాల్‌లోనే ఉన్నారు. ‘ముందు అందరూ చేయనీ’ అంటారు. ఆరుగురూ అదే మాట అంటే ముప్పయ్యో సంతకం ఎక్కడినుంచి వస్తుందో వారే చెప్పాలి. సంతకాల కోసం నియమించిన ఐదుగురి ఉపసంఘంలో ముగ్గురు మొదటి వారం తరువాత కనబడలేదు. వారి పేర్లు ఇక్కడ రాయడం లేదు.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డుమీద అతికించాము. నెలకు 100 రూపాయల చొప్పున 37 గదుల నుంచి 44,400 రూపాయల చందా వచ్చింది. ఖర్చు 41,350 రూపాయలు. అందులో ఎక్కువ భాగం వకీలు ఫీజు, జిరాక్సులు, నవంబరు సభ ఖర్చులు. మిగిలిన 3,050 రూపాయలు బ్యాంకులో ఉన్నాయి. సందేహాలున్నవారు కోశాధికారిని అడగవచ్చు.

నవంబరు సభకు షామియానా అద్దె తీసుకోకుండా వేసిన సభ్యునికి, ఉప్మా చేసిన మహిళా సభ్యులకు, బతుకమ్మ నాడు మిగిలిన చందాను సంఘానికి ఇచ్చిన ఉత్సవ సమితికి, తీర్పు ప్రతిని తన ఆఫీసులో అచ్చు తీసి ఇచ్చిన యువకునికి, తెలుగులో చెప్పి మాకు అర్థమయ్యేలా చేసిన ఆ అమ్మాయికి, రాత్రి పదకొండు దాటాక కూడా రసీదులు రాసుకున్న సహ కార్యదర్శికి, మా విసుగును భరించిన మా కుటుంబాలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే సంవత్సరానికి కార్యవర్గం రెండు తీర్మానాలు ప్రతిపాదిస్తున్నది. మిగిలిన పదకొండు రసీదుల పేరు మార్పు కోసం వకీలు ద్వారా నోటీసు ఇవ్వడం ఒకటి. 79–ఏ కింద అద్దెదారుల సంఘం ముందుకు రావడానికి అవసరమైన కాగితాలను నోటీసు రాకముందే సిద్ధం చేసుకోవడం రెండోది. తాళం వేసి ఉన్న 17వ నంబరు గది సభ్యుని ప్రస్తుత చిరునామా తెలిసినవారు సమావేశం ముగిసేలోగా నాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. సంతకం ఫారం నా జేబులోనే ఉంటుంది.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి