డాన్సు హాళ్ల పైకప్పుల కోసం: టెక్సస్ హిస్టారికల్ కమిషన్ ఛైర్మన్‌కు బహిరంగ లేఖ

టెక్సస్ హిస్టారికల్ కమిషన్ ఛైర్మన్ గారికి,

నమస్కారం. 1999లో మొదలైన కోర్టు భవనాల పరిరక్షణ పథకం వల్ల ఈ రాష్ట్రంలో ఎన్నో పాత కౌంటీ కోర్టులు మళ్లీ కళకళలాడుతున్నాయి. ఆ పని మీ కమిషన్ చేతుల మీదుగానే జరిగింది. అలాంటి పథకమే జర్మన్ వలసదారులు కట్టుకున్న పాత డాన్సు హాళ్లకూ కావాలని అడగడానికే ఈ ఉత్తరం. నేను హ్యూస్టన్ ప్రాంతంలో ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడున్న మావాళ్లు కూడా చదివి తమ మాట మీకు చేరవేయాలనే తెలుగులో రాస్తున్నాను.

హ్యూస్టన్ దాటి పడమరకు వెళ్తే ఆస్టిన్ కౌంటీ వస్తుంది. 1831లో జర్మనీ నుంచి వచ్చిన ఫ్రీడ్రిష్ ఎర్న్‌స్ట్ కుటుంబం అక్కడ స్థిరపడింది. ఈ నేల గొప్పదనం చెబుతూ ఆయన స్వదేశానికి రాసిన ఉత్తరం ఓల్డెన్‌బుర్గ్‌లో ఒక పత్రికలో అచ్చయింది. అది చదివి జనం ఓడలెక్కారు. వచ్చినవాళ్లు అడవి కొట్టి సేద్యం చేస్తూనే సంఘాలు పెట్టుకున్నారు. పాటకొకటి, వ్యాయామానికొకటి, తుపాకి గురికొకటి. అదే కౌంటీలోని క్యాట్ స్ప్రింగ్ ఊరి రైతులైతే 1856లోనే వ్యవసాయ సంఘం కట్టుకున్నారు. సంఘమంటే నలుగురూ చేరడానికి ఒక నీడ ఉండాలి కదా, హాళ్లు అలా వచ్చాయి. విత్తనాల గురించి చర్చ జరిగిన చోటే రాత్రికి వాల్ట్జ్, పోల్కా. చంటిపిల్లలను పక్కన దుప్పట్ల మీద పడుకోబెట్టి అమ్మానాన్నలు డాన్సుకు వెళ్లేవారు.

ఆ కౌంటీలోనే బెల్‌విల్ ఊళ్లో వ్యాయామ సంఘం వాళ్ల హాలు చూడండి. యోఆకిమ్ హింట్స్ అనే స్థానిక మేస్త్రి 1897లో కట్టాడు. పన్నెండు పక్కల కట్టడం. లోపలికి వెళ్లి తల ఎత్తితే, నట్టనడుమ స్తంభం నుంచి వాసాలు విప్పిన గొడుగు ఊచల్లా చుట్టూ పరుచుకుని కనిపిస్తాయి. డాన్సు చేసే జంటలు గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి ఇరుకు మూలలు లేని హాలు ఎంత సుఖమో అక్కడ నిలబడితే తెలుస్తుంది. క్యాట్ స్ప్రింగ్‌లో 1902 నాటి హాలు కూడా హింట్స్ చేతి పనే. ఇంత తెలివిగా కలపను వాడిన మనిషి పేరు ఈ రాష్ట్రంలో ఎక్కువమందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ మాట వినిపిస్తేనే అనుమానించారు. 1919లో గవర్నర్ హాబీ టెక్సస్ విశ్వవిద్యాలయపు జర్మన్ శాఖకిచ్చే నిధులను వీటో చేశారు. ఆ గడ్డుకాలాన్ని కూడా చాలా హాళ్లు తట్టుకున్నాయి. ఇప్పుడు వాటిని కూల్చేది కోపం కాదు, వాన. రేకుల్లో మేకు వదులైన చోట నీరు దిగి, వాసం వెంబడి జారి, అతుకు దగ్గర నిలుస్తుంది. వాసాలన్నీ ఒక్కచోట కలిసే కప్పులో ఆ అతుకు కుళ్లితే మొత్తానికే ముప్పు. సంఘాల్లో ముసలివాళ్లే మిగిలారు. వాళ్లు బార్బెక్యూ భోజనాలు అమ్మి కూడబెట్టే డబ్బు బీమాకే చాలదు, ఇక రేకులెక్కడ మారుస్తారు?

కోర్టులు కౌంటీల సొత్తు కాబట్టి డబ్బివ్వడం తేలికైంది. హాళ్లు చాలావరకు సభ్యుల సంఘాలవి. చిక్కంతా ఇక్కడే ఉందని నాకు తెలుసు. లాభాపేక్ష లేని సంఘాలకూ గ్రాంటు అందేలా, ఏటా కొన్నిసార్లైనా అందరికీ తలుపులు తెరవాలన్న షరతుతో నిబంధన రాయండి. గోడకు చారిత్రక ఫలకం తగిలిస్తే గౌరవమే, కానీ దానితో కప్పు కారడం ఆగదు. హింట్స్ కట్టిన ప్రతి హాలుకూ కొలతలతో నక్షాలు గీయించండి. తుఫానుకు ఒకటి పోయినా మళ్లీ కట్టుకునే వీలుంటుంది.

వాటిని అద్దాల పెట్టెల మ్యూజియాలు మాత్రం చేయకండి. గ్రూన్ అనే ఊళ్లో 1878 నాటి గ్రూన్ హాలు ఇప్పటికీ ఎందుకు నిలిచింది? పక్క గోడల పలకలు పైకెత్తి గాలి ఆడనిచ్చి, ఇవాళ్టికీ అక్కడ జనం డాన్సు చేస్తున్నారు గనక. 1970లలో ఆ ఊరి స్థలం ఫ్లాట్లకు పోబోతుంటే ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి అడ్డుపడ్డాడు. ప్రతి హాలుకూ అలాంటివాడు దొరకడు.

శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల జనవరిలోనే మొదలవుతాయి. వచ్చే సమావేశానికి మీరు పంపే బడ్జెట్ అభ్యర్థనలో డాన్సు హాళ్ల పేరిట ఒక పద్దు చేర్చాలని వేడుకుంటున్నాను.

భవదీయుడు,
హ్యూస్టన్ ప్రాంత తెలుగు నివాసి