ఆట లేని పదమూడేళ్లు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి గుంటూరులో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతుంది, పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగత్తె. "క్రికెట్‌లో చేర్పించొచ్చుగా" అని చుట్టాలు అన్నప్పుడల్లా జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో గురించి చెబుతాను. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లలో 413 బంతులు వేసి దేశానికి స్వర్ణం తెచ్చింది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ తర్వాత ఆ ఆటనే ఒలింపిక్స్ నుంచి తీసేశారు. ఆమె మాత్రం బంతి వదల్లేదు. 2021లో ఆ ఆట తిరిగి వచ్చిన టోక్యో ఒలింపిక్స్‌లో, 39 ఏళ్ల వయసులో, అమెరికాపై ఫైనల్ గెలిచి మళ్లీ స్వర్ణం అందుకుంది.

2024లో మళ్లీ పక్కన పెట్టిన సాఫ్ట్‌బాల్ 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో తిరిగి వస్తోంది. మా పిల్లలేమో క్రికెట్ వాళ్లు వెళ్లాక, చీకటి పడేలోపు అరగంట సాధన చేస్తున్నారు. నగరంలో ఏదో ఒక మైదానంలో వారానికి మూడు సాయంత్రాలు, ఒక వల, రెండు లైట్లు వీళ్లకు కేటాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక తండ్రి, గుంటూరు