ఈసీ తీయిస్తారు, జోను అడగరు

సంపాదకునికి,

‘రిజిస్ట్రేషన్ అయిపోతుంది, కరెంటు మీటరు వచ్చేస్తుంది, ఇంకేం కావాలి?’ విజయనగరం శివార్లలో స్థలాలు అమ్మేవారు తరచూ అనే మాట ఇది. మీటరూ వస్తుంది, దస్తావేజూ అవుతుంది. ఇంటి ప్లాను పెట్టిన రోజునే అసలు సంగతి బయటపడుతుంది.

కొనేవాళ్లు ముప్పయ్యేళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తారు. ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లానులో ఏ జోనులో ఉందో, అంటే ఇళ్లకు కేటాయించిన భూమో, సాగుకు వదిలిన భూమో మాత్రం అడగరు. అడిగితే అమ్మేవారు పాత నాలా కాగితం చేతిలో పెడతారు. తిరకాసంతా అక్కడే. నాలా అనేది సాగుభూమిని సాగేతరంగా మార్చుకున్నట్టు రెవెన్యూవారు ఇచ్చిన కాగితం, అంతే. దానితో జోను మారదు. జోను మారాలంటే ప్రభుత్వం గెజిట్‌లో ముసాయిదా వేసి, అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువిచ్చి, ఆ తర్వాత తుది ఉత్తర్వు ఇవ్వాలి.

రెండోది రోడ్డు. వీధి ఇప్పుడు 20 అడుగులే ఉండి, మాస్టర్ ప్లానులో 30 అడుగులుగా ఖరారైతే రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు కొలుస్తారు. అంటే మీ హద్దురాయి నుంచి 5 అడుగులు లోపలికి పోతుంది. ముఖం 30 అడుగులున్న స్థలంలో అది 150 చదరపు అడుగులు, దాదాపు 17 గజాలు. ముందు సెట్‌బ్యాకు (ఇంటి ముందు ఖాళీగా వదలాల్సిన జాగా) లెక్క మొదలయ్యేది ఆ కొత్త గీత నుంచే. పక్క సెట్‌బ్యాకుల్లో పది శాతం వరకు తేడా ఉంటే జరిమానాతో సర్దుకోవచ్చు, ముందువైపు ఆ వెసులుబాటు లేదు. ఈ లెక్క పునాది తీశాక తెలిస్తే ఏం లాభం?

చెరువుల సంగతి మరీ ఘోరం. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డునైతే పట్టణ పరిధిలో 50 మీటర్లు, పరిధి దాటితే 100. చెరువుకు కొలత ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి, కంటికి కనిపించే నీటి అంచు నుంచి కాదు. స్థలం చూపించేదేమో ఎండాకాలంలో, నీళ్లు వెనక్కి తగ్గాక!

వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులు ఉన్నారు. ఆయా వార్డుల సర్వే నంబర్లు, జోను, ఖరారైన రోడ్డు వెడల్పు, చెరువు గీత ఒకే పట్టికగా తెలుగులో గోడకు అంటించాలి. అదే పట్టిక సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో, స్టాంపు వెండర్లు కూర్చునే చోట కూడా ఉండాలి. బయానా ఇచ్చే ముందు జనం వెళ్లేది అక్కడికే.

– ఒక ప్లాన్ల రూపకర్త, విజయనగరం