మోకాలిలో ఏం పెట్టారో రాసి ఇవ్వండి

సంపాదకుడు గారికి,

మా అమ్మకు 2012లో రెండు మోకాళ్లకూ కీలు మార్పిడి ఆపరేషన్ చేయించాం. గుజ్జు పూర్తిగా అరిగిపోయి, మంచం దిగి బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా ఏడ్చే మనిషి, ఆ తర్వాత పదకొండేళ్లు పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఒక్కతే బస్సెక్కి వెళ్లొచ్చింది. కాబట్టి ఆపరేషన్ వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

కిందటేడు కుడి మోకాలు వాచింది. లోహపు భాగాల మధ్య ఉండే ప్లాస్టిక్ అరిగిందని కొత్త డాక్టరు గారు చెప్పారు. లోహం ఎముకకు గట్టిగానే పట్టి ఉంది, ప్లాస్టిక్ ఒక్కటీ మారిస్తే సరిపోవచ్చన్నారు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఆయన, "ఏ కంపెనీది వేశారు? మోడలు, సైజు ఏంటి?" అని అడిగారు. అదే మోడలుకు, అదే సైజుకు చేసిన ముక్క అయితేనే అందులో కూర్చుంటుందట. మా ఫైలులో బిల్లు ఉంది, అందులో 'ఇంప్లాంట్' అని ఒక్క మాట, పక్కన డబ్బు అంకె. అంతే. మొదట ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాం. అంత పాత రికార్డులు లేవన్నారు. ఎక్స్‌రేలో కూడా ఖాయంగా తేలలేదు. చివరికి గట్టిగా ఉన్న లోహాన్ని కూడా ఎముక నుంచి ఊడదీసి అంతా కొత్తగా వేయాల్సి వచ్చింది, 74 ఏళ్ల మనిషికి. ఆరు నెలలైంది, అమ్మ ఇంకా వాకర్ వదల్లేదు.

ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు దాస్తే చాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి. మార్చిన మోకాలేమో అంతకు ఎన్నో రెట్లు పనిచేస్తుంది. 2019లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం పూర్తి మోకీలు మార్పిడుల్లో దాదాపు 82 శాతం 25 ఏళ్ల దాకా నిలుస్తాయి. పాతికేళ్లు ఒంట్లో ఉండే వస్తువు వివరాలు మూడేళ్లకే పోతే ఎలా?

ఆ 82 శాతం లెక్క కూడా మనది కాదు. ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రిజిస్ట్రీల్లోది, అంటే ఎవరికి ఏ కీలు వేశారో నమోదు చేసే జాబితాల్లోది. స్వీడన్ 1975 నుంచే మోకీలు మార్పిడి ఆపరేషన్లను నమోదు చేస్తోంది. మన దేశంలో సర్జన్ల సంఘం రిజిస్ట్రీ ఉన్నా అందులో నమోదు చేయడం తప్పనిసరి కాదు. కింద కూర్చుని కూరగాయలు తరిగే, బాసింపట్టు వేసుకుని పూజ చేసే మనవాళ్ల మోకాళ్లు ఎన్నేళ్లు నిలుస్తున్నాయో ఫిన్లాండ్ లెక్కలు చెప్పలేవు. పైగా ఏదైనా మోడలులో లోపం బయటపడితే ఎవరికి కబురు పెట్టాలి? 2010లో ఒక కంపెనీ లోపమున్న తుంటి కీళ్లను ప్రపంచమంతా వెనక్కి పిలిచినప్పుడు, మన దేశంలో అవి వేయించుకున్న వేలమందిలో చాలామంది ఆచూకీ దొరకలేదు.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. బిల్లులో బ్రాండ్, తయారీదారు, బ్యాచ్ నంబరు విడిగా చూపాలని కూడా అప్పుడే చెప్పింది. మంచి పని. కానీ బిల్లు కాగితం పాతికేళ్లు ఎవరింట్లో ఉంటుంది? ఇంప్లాంటు పెట్టెలోనే వివరాల స్టిక్కర్లు వస్తాయి. వాటిలో ఒకటి డిశ్చార్జి కాగితం మీద అతికించి, అవే వివరాలు రిజిస్ట్రీలో ఎక్కించడం ప్రతి ఆసుపత్రికీ తప్పనిసరి చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ వేడుకుంటున్నాను. ప్రభుత్వ పథకాల కింద డబ్బు చెల్లించే ఆపరేషన్లతో ఇది రేపే మొదలుపెట్టొచ్చు.

ఈమధ్య ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దయచేసి ఆగకండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నిబంధనల్లోనే ఉంది. మూడేళ్లు నిండకముందే వెళ్లి అడగండి.

— ఒక పాఠకురాలు, తెనాలి