బ్రేకు ప్యాడ్లు సరే, హోస్ పైపులు చూసేదెవరు?

సంపాదకులకు,

వానలు మొదలయ్యాయంటే టైర్లు, వైపర్ల గురించి అందరూ హెచ్చరిస్తారు. చక్రం వెనకాల వేలాడుతూ, బ్రేకుకు ఆయిల్ అందించే జానెడు రబ్బరు హోస్ పైపు మాట ఎవరూ ఎత్తరు. ప్యాడ్లు అరిగితే కీచుమంటాయి కాబట్టి మారుస్తాం. హోస్ పైపు లోపల పాడైనా చప్పుడు చేయదు.

పైపొర పగిలితే నయం, వంచి చూస్తే చీలికలు తెరుచుకుని కనిపిస్తాయి. లోపలి పొర ఉబ్బితేనే చిక్కు. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఎలాగోలా దూరుతుంది, వదిలాక వెనక్కి రాదు. ఆ చక్రం బ్రేకు పట్టే ఉంటుంది. అలాంటి కారు శ్రీశైలం ఘాట్ దిగితే డిస్క్ కాలిపోయి, పాత బ్రేక్ ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడుతుంది.

ఒక్క చక్రమే వేడెక్కుతుంటే చాలా గ్యారేజీల్లో నేరుగా కాలిపర్‌ను, అంటే ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగాన్ని మార్చేస్తారు. దండగ ఖర్చు. మొదట ఆ చక్రాన్ని జాకీతో లేపి, పెడల్ తొక్కి వదలండి. బిగిసిపోతే హోస్ పై చివర నట్టు కొద్దిగా వదులు చేయండి. అప్పటికీ చక్రం తిరగకుండా, కాలిపర్ మీద గాలి తీసే చిన్న మర (నిపుల్) వదులు చేశాకే తిరిగితే తప్పు హోస్‌దే. నిపుల్ వదిలినా తిరగకపోతే అప్పుడు కాలిపర్‌ను అనుమానించాలి.

మార్చేటప్పుడు రెండు పక్కలా కలిపి మార్చాలి. పై నట్టు చాలా కార్లలో 10 మి.మీ. ఉంటుంది. మామూలు పానా పెడితే మూలలు అరిగిపోతాయి, నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ పానాయే వాడాలి. నట్టుతో పాటు ఉక్కు పైపు కూడా మెలి తిరుగుతుంటే అక్కడే ఆపి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నానబెట్టాలి. లేకపోతే ఆ పైపూ తెగుతుంది. కాలిపర్ వైపు బాంజో బోల్టు (లోపల ఆయిల్ పోయే రంధ్రం ఉన్న బోల్టు) ఉంటే దానికి అటూ ఇటూ రెండు రాగి వాషర్లు కొత్తవే వేయాలి. పాతవి మళ్లీ బిగిస్తే చెమ్మ కారుతుంది. కొత్త హోస్ మీద పొడవునా ఉండే గీత మెలి పడకుండా నిటారుగా రావాలి. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరుకు రాసుకోవడం లేదని చూడాలి.

సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో కొనేవారు పైపు మీద ఎస్‌ఏఈ జె1401 (బ్రేకు హోస్‌ల ప్రమాణం) ముద్ర, తయారీ తేదీ చదివి తీసుకోండి. ఏ రకం ఆయిల్ వేయాలో, డాట్ 3నా, డాట్ 4నా అన్నది బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీదే ఉంటుంది. సిలికాన్‌తో చేసిన డాట్ 5 వేరు, అది కలపకూడదు. పైపుల్లో చేరిన గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) దూరపు చక్రంతో, అంటే మన కార్లలో సాధారణంగా వెనక ఎడమ చక్రంతో మొదలుపెడతారు. కొన్ని మోడళ్ల వరుస వేరు, మాన్యువల్ చూడాలి. మధ్యలో ట్యాంకు ఖాళీ అయితే పని మళ్లీ మొదటికొస్తుంది. లీటరు డబ్బా దగ్గర పెట్టుకోండి. చివర్లో పెడల్ గట్టిగా ఒక నిమిషం తొక్కిపట్టి, జాయింట్లు తడవలేదని వేలితో తుడిచి చూడాలి.

కొత్త హోస్‌లు కూడా గ్యారేజీల్లోనే పాడవుతున్నాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు కాలిపర్‌ను హోస్‌కే వేలాడదీస్తారు, ఆయిల్ కారకుండా ప్లయర్‌తో నొక్కిపెడతారు. లోపలి పొర అక్కడే చిట్లుతుంది. కాలిపర్‌ను చక్రం దగ్గరి సస్పెన్షన్ స్ప్రింగుకు తీగతో కట్టడానికి అర నిమిషం పట్టదు.

ఎనిమిదేళ్లు దాటిన ట్యాక్సీలకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారును 15 ఏళ్ల దాకా అడిగేవారు లేరు. అందుకే సర్వీసు బిల్లులో ‘బ్రేకులు చూశాం’ అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోవద్దు. హోస్ పైపులు ఎలా ఉన్నాయో, ఆయిల్ ఎప్పుడు మార్చారో విడివిడిగా రాయించుకోండి.

– ఒక ఆటోమొబైల్ మెకానిక్, రామంతాపూర్, హైదరాబాద్