ఆ నంబరు పంపుది కాదు పాపా

చిత్తూరు
ఆదివారం పొద్దున

పాపా,

నువ్వు తిరుపతి నుంచి పంపిన పార్శిల్ నిన్న సాయంత్రం చేరింది. నీ మారుతి 800 కారు పాత వాటర్ పంపు, కొత్త వాటర్ పంపు రెండూ మన స్పేర్ పార్ట్స్ అంగడి కౌంటర్ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసినా. బోల్టు రంధ్రాలు అతికినట్టు సరిపోయినాయి. అందుకే మీ మెకానిక్కు కూడా "ఇదే మేడం" అని ఉంటాడు. కానీ పుల్లీ, అదే బెల్టు తిరిగే చక్రం, కూర్చునే ముఖం మూడు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. బిగిస్తే బిగుస్తాది. బెల్టు మాత్రం వంకరగా తిరిగి, నెల తిరక్కముందే అంచు పీలికలవుతాది. బిగించక ముందే నాకు పంపినావు, మంచి పని చేసినావు. పెట్టె చించేసినావు కాబట్టి వాళ్ళు వెనక్కి తీసుకోరు, ఆ డబ్బు సంగతి మర్చిపో.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నంబర్లు చెప్పి చేయి కాల్చుకున్నదాన్ని. ఇక్కడ 'బి' అంటే అవతల 'డి' అని వినిపిస్తాది, 'ఎం' అంటే 'ఎన్' అని రాసుకుంటారు. అంగట్లో నేనైతే నంబరు కాగితం మీద ఉంటే తప్ప ఆర్డరు పెట్టను. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వు తీసిన పంపు ఫొటో గురించి. పాత పంపు ఒంటి మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు చూసి, అదే పార్టు నంబరు అనుకుని వెతికినావు. అది పోత నంబరు పాపా. అచ్చులో లోహం పోసేటప్పుడు పడిన గుర్తు. ఒకే పోత నుంచి వచ్చిన ముక్కను ఒక బండికి ఒక రకంగా, ఇంకో బండికి ఇంకో రకంగా కోసి, తొలిచి తయారు చేస్తారు. అప్పుడు పోత నంబరు ఒకటే ఉంటాది, పార్టు నంబర్లు రెండు ఉంటాయి. నీకు జరిగింది అదే. ఇంకొన్ని ముక్కల మీద ఆ ముక్కను తయారు చేసిన కంపెనీ సొంత నంబరు ఉంటాది. బ్యాటరీ ఛార్జి చేసే ఆల్టర్నేటర్ తిప్పి చూడు, దాని మీద ఉండేది డెన్సో నంబరో, లూకాస్ టీవీఎస్ నంబరో. కారు కంపెనీ పుస్తకంలో అదే ఆల్టర్నేటర్‌కు వేరే నంబరు. రెండూ నిజమైనవే. ఏది ఎవరిదో తెలియకుండా ఇస్తేనే తంటా.

మరి యాడ మొదలుపెట్టాల? చేతిలో ఉన్న ముక్క దగ్గర కాదు, బండి దగ్గర. నన్ను అడక్కుండా కొన్న బండి అది, ఎన్ని చేతులు మారిందో నాకు తెలియదు. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం చూడు. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారీ తేదీ. అక్టోబరులో తయారై జనవరిలో రోడ్డెక్కిన బండ్లు బోలెడు, ఆ మధ్యలో కంపెనీ పంపు మార్చి ఉంటే నీ లెక్క తప్పుతాది. కంపెనీ కేటలాగులో "ఈ ఛాసిస్ నంబరు నుంచి ఈ నంబరు దాకా" అని రాసి ఉండేది అందుకే.

తర్వాత బానెట్ ఎత్తి, అద్దం కింద ఉండే ఇనప గోడ మీద చూడు, ఛాసిస్ నంబరు గుద్ది ఉంటాది. మారుతి వాళ్ళది పదిహేడు అక్షరాల నంబరైతే ఎంఏ3తో మొదలవుతాది. అందులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు వాడరు, కాబట్టి గుండ్రంగా కనపడేదల్లా సున్నానే, నిలువు గీత కనపడితే ఒకటే. ఇంజను నంబరు బ్లాకు మీద, గేర్‌బాక్సు కలిసే అంచు దగ్గర వెతుకు. గ్రీజు పట్టి ఉంటాది, కిరోసిన్ గుడ్డతో తుడువు. రెండూ ఆర్సీతో సరిపోవాల.

ఇంజను నంబరు చూడకపోతే ఏమవుతాదో నాకు అంబాసిడర్ నేర్పింది. మీ నాయన పోయినాక నేను కౌంటర్లో కూర్చున్న మొదటి సంవత్సరం. పలమనేరు నుంచి ఒకాయన వచ్చి, "అంబాసిడర్ వాటర్ పంపు ఇవ్వమ్మా" అన్నాడు. పెట్రోలా డీజిలా అని అడిగినా. పెట్రోలన్నాడు. అంతే, ర్యాకులోంచి తీసి ఇచ్చేసినా, పెద్ద తెలిసినదాని మాదిరి. అప్పటికి నాకు అంబాసిడర్ అంటే పాత 1489 సీసీ బీఎంసీ ఇంజనే. 1990లలో ఇసుజు 1817 సీసీ ఇంజనుతో వచ్చిన అంబాసిడర్ కూడా పెట్రోలుదే అని తెలియదు. బయట రేకు చూస్తే రెండూ కవల పిల్లలు. ఆయన పెళ్ళి బాడుగ ఒప్పుకుని ఉన్నాడు. నలభై కిలోమీటర్లు వెనక్కి పోయి, రాత్రి విప్పుకుని, కుదరక, పొద్దున్నే మళ్ళీ బస్సెక్కి వచ్చినాడు. ఒక్క మాట అనలేదు. పంపు కౌంటర్ మీద పెట్టి, "ఇది నాది కాదమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఆ రోజు నుంచి ఇంజను నంబరు అడక్కుండా ఇంజను సామాను ఇవ్వలేదు. పెట్రోలు అంబాసిడర్లలో డీజిల్ ఇంజన్లు ఎత్తిపెట్టుకుని తిప్పినవాళ్ళు మన జిల్లాలో లెక్కలేనంత మంది. అట్లాంటి బండికి ఛాసిస్ నంబరు ఇస్తే పుస్తకం నిజమే చెప్తాది, కానీ బానెట్ కింద ఉండేది వేరే. మారుతి 800లో, ఓమ్నీలో ఉండేది ఒకే 796 సీసీ ఎఫ్8బి ఇంజను కాబట్టి దాన్నుంచి దీనికి మార్చుకోవడం ఇంకా సులువు. నీ బండి అట్లాంటిదేమో చూడాల.

ఇప్పుడు నంబరు చదవడం. సుజుకి పార్టు నంబరు రెండు ముక్కలు. ముందు ఐదంకెలు ఆ వస్తువు ఏమిటో చెప్తాయి. వాటర్ పంపు అసెంబ్లీకి 17400, ఆయిల్ ఫిల్టరుకు 16510, ఎయిర్ ఫిల్టరుకు 13780, హెడ్ గాస్కెట్‌కు 11141. జపాన్‌ నంబర్లో దాని తర్వాత చిన్న గీత ఉంటాది, మన మారుతి నంబర్లలో ఆ చోట 'ఎం' కనపడతాది. తర్వాతి ఐదు ఏ మోడలుదో చెప్తాయి. సీటు గుడ్డ, డాష్‌బోర్డు ముక్కల్లాంటివైతే చివర రంగుకు ఇంకో మూడు. 09తో మొదలయ్యేవి బోల్టులు, ఆయిల్ సీళ్ళు, బేరింగుల్లాంటి చిల్లర సామాను. ఈ లెక్కన ఎవరైనా నీకు 16510 అని మొదలయ్యే నంబరు రాసిచ్చి పంపు అంటే, మిగతా అంకెలు చూడకుండానే వాడి అంగడి దిగి వచ్చేయొచ్చు. మీ ఆఫీసు క్వాలిస్‌కైనా ఇంతే, టొయోటాలో 04465 ముందు బ్రేక్ ప్యాడ్లు. హోండా మాత్రం మూడు ముక్కలు చేస్తాది.

కేటలాగు బొమ్మలో పంపు విడివిడిగా విప్పి గీసి, పక్కన 1, 2, 3 అని అంకెలు వేసి ఉంటారు. అవి బొమ్మలో వరస గుర్తులు మాత్రమే. వాటి ఎదురుగా పట్టికలో ఉండేది నంబరు. నవ్వకు, 'మూడో నంబరు ఇవ్వండి' అని అడిగినవాళ్ళు నాకు తెలుసు. పంపుకూ ఇంజనుకూ మధ్య నీళ్ళు కారకుండా పెట్టే గాస్కెట్ పంపుతో కలిసి వస్తాదా, వేరే నంబరా అనేది కూడా ఆ పట్టికే చెప్తాది.

800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. పాత నంబరు కొట్టగానే "లేదు" అని వస్తే బెదరొద్దు. కంపెనీ ఆ నంబరు తీసేసి దాని చోట కొత్త నంబరు పెట్టి ఉండొచ్చు. "దీని బదులు ఏది వచ్చింది" అని అడుగు. కొత్తది పాతదాని చోట పడతాది కానీ, పాతది కొత్తదాని చోట పడాలని లేదు.

ఏ నంబరూ బతికి లేదంటే కొలతలే దిక్కు. మీ నాయన నాకు మొట్టమొదట నేర్పించింది బేరింగు నంబరు. 6204 అంటే చివరి రెండంకెలు ఐదుతో హెచ్చవేయి, లోపలి బెజ్జం 20 మిల్లీమీటర్లు. 6205 అంటే 25. "మరి 6203?" అని అడిగినాడు. పదిహేను అన్నా. నవ్వినాడు. అది 17. నాలుగు కంటే కింద ఆ లెక్క పనిచేయదు. ఆయిల్ సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మూడూ చాలాసార్లు రాసే ఉంటాయి. అందుకే పాత ముక్క ఎంత పాడైనా పారేయొద్దంటాను. అదీ కాదంటే మద్రాసు. కొత్త సామానుకు జీపీ రోడ్డు, విప్పిన బండ్ల సామానుకు పుదుప్పేట. ఆడికి పోయేటప్పుడు చేతిలో నంబరు, సంచిలో పాత ముక్క రెండూ ఉండాల.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఆర్టీఓ ఆఫీసులో తీసే మాదిరి ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీయి. ఇంజను నంబరుది ఇంకోటి. ఆర్సీ జిరాక్సు జత చేసి కవర్లో పంపు, కంటితో చూసి రాసింది నాకొద్దు. రెండు పంపులూ నా బల్ల కింద ఉంటాయి. ప్రింటు వచ్చిన రోజే నంబరు తీసి, పంపు, గాస్కెట్ రెండూ బస్సులో వేస్తా. అంతవరకు పంపు విప్పిన చోట శుభ్రమైన గుడ్డ కుక్కి పెట్టమను, దుమ్ము పోకుండా. పంపు లేని ఇంజన్ను ఊరికే ఒక్క నిమిషం అని కూడా స్టార్ట్ చేయొద్దు. పెన్సిల్ మెత్తటిది తీసుకో, 2బి అయితే బాగా పడతాది.

మీ అమ్మ